వలస కార్మికుని హక్కు – మన సాక్ష్యం

సర్వలోకాలకు ప్రభువైన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! దైవభీతి కలిగి ఉండవలసిందిగా ముందు మా ఆత్మలకు, ఆ తరువాత మీకు హితవు పలుకుతున్నాము.

మహనీయ ముహమ్మద్ (స) వారికి ప్రవక్త పదవి లభించటానికి చాలా ఏళ్ళ ముందు, ఆయన సుమారు ఇరవై ఏళ్ళ యువకునిగా ఉన్న కాలంలో, యెమన్‌లోని జుబైద్ తెగకు చెందిన వర్తకుడొకడు సరుకు తీసుకొని మక్కాకు వచ్చాడు. నగర ప్రముఖులలో ఒకడైన ఆస్ బిన్ వాయిల్ ఆ సరుకు కొన్నాడు. సరుకు ఇంటికి చేరింది; సొమ్ము మాత్రం వర్తకుని చేతికి రాలేదు. ఆ పరదేశి తిరగని గడప లేదు. తెగ నాయకుల వద్దకు వెళ్ళి మొరపెట్టుకున్నాడు. వారు ఆస్ పలుకుబడికి జంకి అతనినే గద్దించి పంపివేశారు. ఆ ఊరిలో అతనికి బంధువు లేడు, తెగ లేదు, పూచీపడే మనిషి లేడు. చివరకు ఒక ఉదయం ఖురైషీయులు కాబా వద్ద కూర్చొని ఉండగా అతడు అబూ ఖుబైస్ కొండ ఎక్కి, తనకు జరిగిన అన్యాయాన్ని గొంతెత్తి చాటాడు.

ఆ కేక కొందరి గుండెలను తాకింది. ప్రవక్త (స) పినతండ్రి జుబైర్ బిన్ అబ్దుల్ ముత్తలిబ్ చొరవతో కొన్ని తెగలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమయ్యారు. మక్కాలో ఎవరికి అన్యాయం జరిగినా, అతడు స్థానికుడైనా పరదేశి అయినా, అతని హక్కు అతనికి దక్కే వరకు అందరూ ఒక్క చేయిగా నిలబడాలని ప్రమాణం చేసుకున్నారు. ప్రమాణం ముగియగానే నేరుగా ఆస్ ఇంటికి నడిచి, సరుకు తీసి వర్తకునికి ఇప్పించారు. చరిత్రలో దీనికి హిల్ఫుల్ ఫుజూల్ అని పేరు. ఆ సభలో దైవప్రవక్త (స) ఉన్నారు. ఆ ఒప్పందం తనకు ఎర్ర ఒంటెల కంటే ప్రియమైనదనీ, ఇస్లాం వచ్చిన తరువాత కూడా ఎవరైనా అటువంటి దానికి పిలిస్తే తాను పలుకుతాననీ ఆయన తరువాతి కాలంలో చెప్పేవారు.

మనం ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. అన్యాయానికి గురైనవాడు ముస్లిం కాదు. అప్పటికి ఇస్లాం సందేశమే రాలేదు. అతడు ఆ ఊరివాడు కాదు. అన్యాయం చేసినవాడు మాత్రం ఊరి పెద్దమనిషి. ఆ సభలోని వారు బాధితునికి సహనం బోధించలేదు, అతని తలరాత గురించి ఉపన్యసించలేదు, కొంత తగ్గించుకొని రాజీ పడమనలేదు. లేచి వెళ్ళి అతని సొమ్ము అతనికి ఇప్పించారు. సోదరులారా! ఈనాడు అటువంటి కేకలు మన ఊళ్ళ నుండి వెళ్ళినవారి నోటి నుండే వస్తున్నాయి. అవి కొండ మీది నుండి రావటం లేదు. అర్ధరాత్రి వేళ సెల్‌ఫోన్లలో వస్తున్నాయి.

జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి, రాజన్న సిరిసిల్ల, కరీంనగర్, నిర్మల్ జిల్లాల గురించి మేము వేరుగా చెప్పనవసరం లేదు. దుబాయికో, మస్కట్‌కో, సౌదీకో మనిషిని పంపని వాడ ఈ ప్రాంతంలో అరుదు. అటు కడప, అన్నమయ్య, కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల నుండి మన ఆడపడుచులు ఇళ్ళలో పనికి కువైట్‌కు వెళుతున్నారు. బ్రతుకుతెరువు కోసం పరదేశం వెళ్ళటంలో తప్పు లేదు. అల్లాహ్ భూమి విశాలమైనదని దివ్య ఖుర్ఆన్ మనకు గుర్తుచేస్తూనే ఉంది. తప్పు, వెళ్ళేవాని అవసరాన్ని సరుకుగా మార్చి అమ్ముకోవటంలో ఉంది.

ఆ అమ్మకం ఎలా జరుగుతుందో చూడండి. భారతదేశపు వలసల చట్టం 1983 ప్రకారం, విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపేవాడు కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదు చేసుకొని లైసెన్సు పొందాలి. అటువంటి ఏజెంటు ఒక కార్మికుని వద్ద తీసుకోదగిన గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400 రూపాయలు. దానికి రసీదు ఇచ్చి తీరాలి. ఇది చట్టం. ఇక ఊరి లెక్క వేరు. ఊరికి వచ్చేది లైసెన్సు ఉన్న ఏజెంటు కాదు, అతని పేరు చెప్పుకొనే సబ్ ఏజెంటు. అతడు అడిగేది లక్ష, లక్షన్నర. రసీదు ఉండదు. అంత సొమ్ము కూలివాని ఇంట ఎక్కడిది? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. లక్షన్నర అప్పుకు నెలకు 4,500 రూపాయలు, ఏడాదికి 54,000 రూపాయలు వడ్డీకే పోతాయి; అసలు అలాగే ఉంటుంది. భార్య పుస్తెలు కుదువకు పోతాయి. విమానం ఎక్కకముందే ఆ మనిషి రెండేళ్ళ శ్రమను అమ్ముకున్నాడన్నమాట. ఆ అప్పు మెడ మీద ఉన్నవాడు అక్కడ కఫీల్ ఎంత చెబితే అంతకు తల ఊపక ఏం చేస్తాడు? అతన్ని కట్టివేసే గొలుసు సౌదీలో తయారు కాలేదు, మన ఊరి అరుగు మీదే తయారైంది. వడ్డీ హరామ్ అని మనందరికీ తెలుసు. ఆ హరామ్ ఎన్ని ఇళ్ళను ఇలా ఎడారి దాకా ఈడ్చుకుపోతున్నదో మాత్రం మనం లెక్కపెట్టటం లేదు.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. కార్మికుని వద్ద నియామకానికి రుసుము తీసుకోనేకూడదు, ఆ ఖర్చు పనివాడు కావలసిన యజమానే భరించాలి అన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడిక సారాంశం. మన దేశం దానిని ఆమోదించలేదు. పని కావలసినవాడు డబ్బు ఇవ్వటం లోకరీతి. పని చేసేవాడే పని కోసం డబ్బు కట్టటం తలక్రిందుల వ్యవహారం. 30,000 రూపాయల పరిమితి కూడా మా దృష్టిలో న్యాయం కాదు, అన్యాయానికి వేసిన ఒక హద్దు మాత్రమే. ఆ హద్దు కూడా నిలవటం లేదన్నది మన బాధ.

సోదరులారా! పరదేశంలో పనికి కుదిరిన ఒక వలస మనిషి కథ దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. ఆయన ప్రవక్త మూసా (అలై). ప్రాణభయంతో ఈజిప్టు విడిచి మద్యన్ చేరారు. చేతిలో చిల్లిగవ్వ లేదు, తెలిసినవారు లేరు. ఒక బావి దగ్గర ఇద్దరు ఆడపిల్లల పశువులకు నీరు తోడిపెట్టి చెట్టు నీడన చేరి, ఏ మేలు దయచేసినా దానికి అవసరం ఉన్నవాడినే ప్రభూ అని వేడుకున్నారు. ఆ పిల్లల తండ్రి కబురు పెట్టాడు, చేసిన పనికి ప్రతిఫలం ఇవ్వటానికి. గమనించండి, అడగకముందే! తరువాత ఒప్పందం కుదిరింది. ఎనిమిదేళ్ళు పని చేయాలి, పది పూర్తి చేస్తే అది ఆయన ఇష్టం. ప్రతిగా ఏమి లభిస్తుందో కూడా ముందే స్పష్టమైంది. తాను కష్టపెట్టదలచుకోలేదని యజమాని మాట ఇచ్చాడు. రెండు గడువులలో ఏది పూర్తిచేసినా తనపై అన్యాయం ఉండరాదని కార్మికుడు షరతు చెప్పాడు. ఇరువురూ అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు. ఏమీ లేని పరదేశి, నిలువ నీడ ఇచ్చిన యజమాని ఎదుట నిలబడి తన షరతు తాను చెప్పుకోగలిగాడు. యజమాని దానిని ధిక్కారంగా భావించలేదు. మన కాలంలో ఎంతమంది యజమానులు ఈ పరీక్షలో నిలుస్తారు?

ఇప్పుడు జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. ఇక్కడ చూపించే కాగితంలో డ్రైవర్ అని ఉంటుంది. అక్కడ దిగాక ఒంటెలు మేపమంటారు. ఇక్కడ చెప్పిన జీతం ఒకటి, అక్కడ అరబీ కాగితం మీద వేలిముద్ర వేయించుకొనే జీతం మరొకటి. అరబీ రాని మనిషికి అందులో ఏముందో తెలియదు. కానీ అక్కడి న్యాయస్థానంలో చెల్లేది ఆ అరబీ కాగితమే. ఖుర్ఆన్‌లోని అతి పొడవైన వాక్యం అప్పు లావాదేవీని వ్రాసి పెట్టుకోవటం గురించినది. వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలి, బాధ్యత ఎవరి మీద ఉందో అతడు చెప్పి వ్రాయించాలి, అతడు బలహీనుడైతే అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పాలి, సాక్షులు ఉండాలి. ఇంత వివరంగా అల్లాహ్ ఎందుకు చెప్పాడు? కాగితం బలవంతుని చేతిలో ఆయుధం కాకూడదని కాదా?

ఏజెంటు వృత్తే చెడ్డదని మేము అనటం లేదు. స్వయంగా దైవప్రవక్త (స) హజ్రత్ ఖదీజా (రజి) తరఫున ప్రతినిధిగా సిరియాకు వర్తకానికి వెళ్ళారు. ఆ నిజాయితీయే ఆమె మనసును గెలుచుకున్నది. మక్కావాసుల గొర్రెలను కొద్దిపాటి కిరాతుల కూలికి మేపిన సంగతిని కూడా ఆయన దాచుకోలేదు, చెప్పుకున్నారు. కూలివాని బాధా, మధ్యవర్తి బాధ్యతా ఆయనకు రెండూ అనుభవమే. అందువల్లనే కాబోలు, కూలి విషయంలో ఆయన మాటలు అంత పదునుగా ఉంటాయి. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్నారు. ప్రళయదినాన ముగ్గురు మనుషులకు తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ ప్రకటించినట్లు ఆయన తెలియజేశారు: అల్లాహ్ పేరున మాట ఇచ్చి తప్పినవాడు, స్వేచ్ఛాజీవిని అమ్మి ఆ సొమ్ము తిన్నవాడు, పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగ్గొట్టినవాడు. ఈ మూడు నేరాలు మూడు వేరువేరు మనుషులు చేసేవి. మన ప్రాంతపు దొంగ ఏజెంటు ఒక్కడే మూడింటిలోనూ భాగస్వామి అవుతున్నాడు. అల్లాహ్ సాక్షిగా మంచి కంపెనీ అని ఒట్టు వేస్తాడు, తలకు ఇంత అని వీసా అమ్ముతాడు, కూలి ఎగ్గొట్టే చోటికి తెలిసి తెలిసి పంపుతాడు.

అటువంటివాడు మొదటి వరుసలో నమాజు చేయవచ్చు, ఉమ్రా చేసి రావచ్చు, మసీదు ఫ్యాన్లకు చందా ఇవ్వవచ్చు. దివాలా తీసినవాడు ఎవరో తెలుసా అని ప్రవక్త (స) ఒకసారి సహచరులను అడిగి, నమాజు, ఉపవాసం, జకాతు వెంట తెచ్చుకొని కూడా, ఒకరిని దూషించి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని కొట్టి వచ్చినవాడే అసలు దివాలాకోరు అని వివరించారు. అతని పుణ్యాలన్నీ బాధితులకు పంచిపెట్టబడతాయి. అవి చాలకపోతే వారి పాపాలు అతని మీద వేయబడతాయి. ఫ్యాను గాలి ఆ రోజున ఉపయోగపడదు. మసీదు కమిటీల వారికి కూడా మా విన్నపం ఒకటి: చందా పుస్తకంలో పేరు వ్రాసేటప్పుడు ఆ సొమ్ము ఎవరి పుస్తెల నుండి వచ్చిందో కాస్త విచారించండి.

క్రిందటి ఏడాది ఒక తల్లి మన మసీదు గుమ్మం దగ్గరకు వచ్చింది. ఆమె మన మతస్థురాలు కాదు. పక్క ఊరి బీడీ కార్మికురాలు. కొడుకును డ్రైవర్ పని అని సౌదీకి పంపి, ఎడారిలో గొర్రెల వద్ద పెట్టారు. ఐదు నెలలు జీతం లేదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర. తట్టుకోలేక పట్టణానికి పారిపోతే, కఫీల్ అతని మీద హురూబ్ వ్రాయించాడు. అంటే పారిపోయినవాడని ఫిర్యాదు. ఇక అతడు మనవాళ్ళ భాషలో ఖల్లివెల్లి. అకామా చెల్లదు, పని దొరకదు, ఆసుపత్రికి పోవటానికి భయం, పోలీసు కంట పడితే జైలు. జీతం ఎగ్గొట్టినవాడు ఫిర్యాదుదారు అయ్యాడు, జీతం రావలసినవాడు నేరస్థుడయ్యాడు. ఆ తల్లి 1,40,000 రూపాయలు సబ్ ఏజెంటు ఇంటి వరండాలో నగదుగా ఇచ్చింది. చూసినవారు ఇద్దరున్నారు. ఫిర్యాదు మీద సాక్షులుగా సంతకం చేయమంటే ఇద్దరూ ఒకే మాట అన్నారు: అమ్మా, మేము ఊళ్ళో ఉండవలసినవాళ్ళం.

కుర్రవాడు భారత రాయబార కార్యాలయం ఇచ్చిన ఔట్‌పాస్ మీద తిరిగి వచ్చాడు. జీతం రాలేదు. ఇచ్చిన డబ్బు రాలేదు. అప్పు ఉంది.

ఆ ఇద్దరు సాక్షుల గురించి మనం ఎక్కువగా ఆలోచించవలసి ఉంది. వారు చెడ్డవారు కారు, పిరికివారు. సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపభూయిష్ఠమని ఖుర్ఆన్ హెచ్చరించింది. మీకు గానీ, మీ తల్లిదండ్రులకు గానీ, దగ్గరి బంధువులకు గానీ విరుద్ధంగా ఉన్నా సరే న్యాయం కోసం సాక్షులుగా నిలబడమని ఆదేశించింది. ధనికుడా పేదా అన్నది చూడవద్దని కూడా చెప్పింది. రసీదు లేని లావాదేవీలో న్యాయస్థానానికి మిగిలే ఆధారం మనిషి నోరే. ఆ నోరు మూసుకుంటే చట్టం ఎంత మంచిదైనా గుడ్డిదే. గల్ఫ్ మోసాల కేసులు వీగిపోవటానికి పోలీసులనూ, వకీళ్ళనూ తిట్టటం మనకు అలవాటు. ఆ తిట్టులో కొంత భాగం మన వరండాలకు కూడా చేరాలి.

మరొకటి. సోదరుడు దౌర్జన్యానికి గురైనా, దౌర్జన్యం చేసినా అతనికి సాయపడమని దైవప్రవక్త (స) చెప్పినప్పుడు, దౌర్జన్యం చేసేవానికి ఎలా సాయపడాలని సహచరులు ఆశ్చర్యపోయారు. అతని చేయి పట్టి ఆపటమే అతనికి సాయమని ఆయన వివరించారు. సబ్ ఏజెంటు మన మేనమామ కావచ్చు, బావమరిది కావచ్చు. అతన్ని ఫిర్యాదు నుండి తప్పించటం బంధుత్వం కాదు. తీసుకున్నది తిరిగి ఇప్పించటమే అతనికి మనం చేయగల మేలు.

చట్టం వైపు చూద్దాం. ఎందుకంటే తమకు ఉన్న హక్కు ఏమిటో తెలియకనే చాలామంది ఓడిపోతున్నారు. పదవ తరగతి పాసు కానివారికి ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టు మీద గల్ఫ్ దేశాలలో పనికి వెళ్ళాలంటే వలసల సంరక్షణాధికారి అనుమతి తప్పనిసరి. ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదీ లేనిదీ కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఇంట్లో పదవ తరగతి చదివే పిల్ల ఉంటే ఐదు నిమిషాల పని. అనుమతితో వెళ్ళినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరిగా ఉంటుంది. ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి. దొంగ ఏజెంటు ఈ దారి అంతా తప్పించి విజిట్ వీసా మీద ఎక్కిస్తాడు. పని త్వరగా అవుతుందంటాడు. అవుతుంది నిజమే, దానితోపాటు ఒప్పందమూ ఉండదు, బీమా ఉండదు, అతడు పనికి వెళ్ళినట్లు ప్రభుత్వ పుస్తకంలో ఆనవాలే ఉండదు. రేపు శవపేటిక వచ్చిన రోజున ఆ ఇంటివారికి ఈ తేడా అర్థమవుతుంది. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వటానికి తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. మంచిదే. కానీ మనిషి బ్రతికి ఉండగా రావలసిన జీతానికి అది బదులు కాదు.

లైసెన్సు లేకుండా మనుషులను పంపటం నేరం. అయితే 1983 చట్టంలో ఆ నేరానికి గరిష్ఠ శిక్ష రెండేళ్ళ జైలు, 2,000 రూపాయల జరిమానా. ఒక్క వీసా మీద లక్ష మిగుల్చుకొనేవానికి 2,000 రూపాయలు ఒక పూట విందు ఖర్చు! పైగా ఆ చట్టం క్రింద ప్రాసిక్యూషన్‌కు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ నిబంధన చెప్పి చాలాచోట్ల బాధితులను వెనక్కు పంపుతారు. కానీ బాధితుడే గానీ, అతని తరఫున అతని దగ్గరి కుటుంబీకులు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అవసరం లేదని అదే చట్టం చెబుతోంది. ఈ ఒక్క మాటను ప్రతి గల్ఫ్ ఇల్లూ గుర్తుంచుకోవాలి. మోసానికి భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్, మనుషుల అక్రమ రవాణాకు 143వ సెక్షన్ వేరుగా ఉన్నాయి. వకీలుకు ఫీజు ఇచ్చుకోలేనివారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేస్తే చాలు. స్త్రీలకూ, అక్రమ రవాణా బాధితులకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ హక్కు ఉంది. విదేశంలో చిక్కుకున్నవారి కోసం మదద్ అనే ప్రభుత్వ పోర్టల్ 2015 నుండి పనిచేస్తోంది.

అక్కడి దేశాలలో కూడా మార్పు రాకపోలేదు. జీతం బ్యాంకు ద్వారానే చెల్లించే విధానాన్ని ఎమిరేట్స్ 2009లో మొదలుపెట్టింది. యజమాని అనుమతి లేకుండా పని మారే వీలును ఖతర్ 2020లో కల్పించింది. 2021లో సౌదీ కూడా కొంత సడలించింది. కానీ ఇంటి పనివారినీ, గొర్రెల కాపరులనూ, ఇంటి డ్రైవర్లనూ ఆ సడలింపు బయటే ఉంచింది. అంటే నాలుగు గోడల మధ్య, ఎడారి మధ్య, ఎవరికీ కనిపించని చోట ఉన్నవారికే రక్షణ లేదు. పాస్‌పోర్టు లాక్కోవటం ఆ దేశాలలో చాలావరకు చట్టవిరుద్ధమే, అయినా లాక్కుంటూనే ఉన్నారు. పవిత్ర భూమి అయినంత మాత్రాన అక్కడి ప్రతి యజమానీ పవిత్రుడు కాడు. ఆ భూమి పవిత్రత అతని బాధ్యతను పెంచుతుంది గానీ తగ్గించదు. మీ సేవకులు మీ సోదరులు, మీరు తినేదే వారికి పెట్టండి, మోయలేని భారం వేయకండి, వేస్తే మీరూ ఒక చేయి వేయండి అన్న బోధ ఆ నేల మీదే వినిపించింది.

కువైట్ వెళ్ళిన మన ఆడపడుచుల విషయం చెప్పటానికి మాటలు రావటం లేదు. ఒక ఇంటి నుండి మరొక ఇంటికి, ఆమెను అడగకుండానే, ఇంత సొమ్ముకని మార్చివేస్తారు. స్వేచ్ఛాజీవిని అమ్మటం అని ప్రవక్త (స) అన్నది ఇదే కాకపోతే మరేమిటి? 2016 నుండి ఈసీఆర్ పాస్‌పోర్టు గల స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నియమం ఉంది. విజిట్ వీసా ఆ నియమానికి కన్నం వేసింది. ఇటీవల చదువుకున్న కుర్రవాళ్ళకు డేటా ఎంట్రీ ఉద్యోగం అని ఆశ చూపి కంబోడియా తీసుకుపోయి, గదులలో బంధించి సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. అక్కడ బాధితుని చేతనే నేరం చేయిస్తున్నారు. చదువు ఉన్నంత మాత్రాన ఈ వలలో పడరని అనుకోవద్దు.

ఇప్పుడు చెప్పబోయేది వినటానికి కొంత చేదుగా ఉంటుంది. కఫీల్‌ను తిట్టటం మనకు తేలిక. మనలో కఫీళ్ళు లేరా? పెద్దపల్లి, సంగారెడ్డి, రంగారెడ్డి ప్రాంతాల ఇటుక బట్టీలలో పనిచేసేవారు ఎక్కడివారు? ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుండి భార్యాబిడ్డలతో వచ్చినవారు. ముందుగా అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా బట్టీ దాటనీయకపోవటం ఏ ధర్మం? అడ్వాన్సుకు మనిషిని కట్టివేయటం 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం నేరం. వారికి తెలుగు రాదు. మనవానికి అరబీ రానట్లే. బట్టీ యజమాని, లారీ యజమాని, వారిని తెచ్చే సర్దార్, వీరిలో మన జమాతువారూ ఉన్నారు. రియాద్‌లో మన కొడుక్కు దక్కని న్యాయాన్ని అడిగే నోరు మనకు ఉండాలంటే, మన బట్టీలోని ఒడియా కూలివాని లెక్క ఈ వారమే తేల్చాలి.

గుహలో చిక్కుకున్న ముగ్గురి కథ మీకు తెలిసిందే. గుహ ద్వారాన్ని బండరాయి మూసివేయగా, ఒక్కొక్కరు తాము అల్లాహ్ కోసం చేసిన ఒక మంచి పనిని చెప్పుకొని వేడుకున్నారు. మూడవవాడు చెప్పుకున్నది నమాజు కాదు, ఉపవాసం కాదు. కూలి తీసుకోకుండా వెళ్ళిపోయిన ఒక పనివాని ధాన్యాన్ని అతడు వృద్ధి చేశాడు. ఏళ్ళ తరువాత ఆ కూలివాడు వచ్చి అడిగితే, లోయలో మేస్తున్న మందనంతా చూపి, ఇదంతా నీదే అన్నాడు. పరిహాసం చేయకు అన్నాడు ఆ పేదవాడు. పరిహాసం కాదని మందనంతా అప్పగించాడు. రాయి పూర్తిగా తొలగిపోయింది ఆ మాటతోనే. ఎగ్గొట్టకపోవటం ఒక మెట్టు. లేనప్పుడు కూడా అతని హక్కును కాపాడటం దానికి ఎంతో పై మెట్టు.

మన జకాతు విషయం కూడా ఆలోచించండి. జకాతు చెందే ఎనిమిది వర్గాలలో అప్పులలో మునిగినవారు, బానిసత్వం నుండి విముక్తి పొందవలసినవారు, దారిలో చిక్కుకున్న ప్రయాణికులు ఉన్నారు. గల్ఫ్ నుండి అప్పుతో తిరిగి వచ్చినవాని పరిస్థితి వీటిలో ఒకదానికి చెందదా? ధర్మపండితులను సంప్రదించి మన బైతుల్ మాల్ వారు నిర్ణయించాలి. ఇతర మతస్థులైన బాధితులకు సదఖా ద్వారం తెరిచే ఉంది. పీడితుని మొరకు, అల్లాహ్‌కు మధ్య తెర లేదని ప్రవక్త (స) ముఆజ్ (రజి)ను యెమన్‌కు అధికారిగా పంపుతూ హెచ్చరించారు. ఆ మొర ఏ భాషలో ఉన్నా, ఏ మతస్థునిదైనా.

నమాజు తరువాత వెళ్ళిపోయేముందు ఒక పని చేయండి. మీ ఇంటి నుండి విదేశంలో ఉన్నవారి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపు కాగితం, బీమా నకళ్ళు ఇంట్లో ఉన్నాయో లేవో ఈ రాత్రే చూడండి. లేకపోతే ఫోన్ చేసి ఫొటో తెప్పించుకోండి. ఇప్పుడు ఎవరైనా వెళ్ళబోతుంటే, డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. నగదే ఇవ్వవలసి వస్తే ఇద్దరు సాక్షుల ఎదుట, కాగితం మీద. ఆ సాక్షులు దొరకని చోట మసీదు పెద్దలే వెళ్ళి నిలబడతారు. ఈ మాట కమిటీ తరఫున చెబుతున్నాము. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో చూసి చెప్పటానికి మన యువకులు ఇషా నమాజు తరువాత ప్రతి శుక్రవారం ఇక్కడే కూర్చుంటారు. ఏ మతస్థులైనా రావచ్చు.

ఓ అల్లాహ్! ఈ క్షణాన ఎడారి గుడారాలలో, ఇనుప రేకుల క్యాంపులలో, తాళం వేసిన ఇళ్ళలో ఉన్న మా బిడ్డలకు నీవే కావలి. వారి కూలిని వారి చేతికి చేర్చు. చూసినది చెప్పే ధైర్యాన్ని మా నాలుకలకు ప్రసాదించు. తీసుకున్నది తిరిగి ఇచ్చే బుద్ధిని తీసుకున్నవారికి ప్రసాదించు. ఆమీన్.